తెలుగు మాట తూకం

పైథాన్ భాషలో 'తెలుగు' అనే మాట 70 బైట్లు తూగుతుంది. అదే మాటను ఇంగ్లీషు లిపిలో రాస్తే 47 బైట్లే. రెండింటిలోనూ ఉన్నవి ఆరేసి సంకేతాలే. అక్కడ ఆరు ఇంగ్లీషు అక్షరాలు. ఇక్కడ త, ఎత్వం, ల, కొమ్ము, గ, కొమ్ము. (2023 అక్టోబరులో వెలువడిన 3.12 కూర్పును 64 బిట్ల యంత్రం మీద తూచితే వచ్చే లెక్క ఇది. ఎవరైనా స్వయంగా తూచి చూసుకోవచ్చు.) ఈ 23 బైట్ల వ్యత్యాసం ఎక్కడినుంచి వచ్చింది, దాన్ని తగ్గించవలసిన బాధ్యత ఎవరిది అన్నదే నా ప్రస్తావన. సాహిత్యం కోసం ఇటు వచ్చిన చదువరులు ఇదెక్కడి యంత్రాల గోల అని విసుక్కోకుండా కాసేపు ఓపిక పట్టాలని మనవి. ఇది మన అక్షరాల గొడవే.

ముందుగా ఒక అపోహను తొలగించుకోవాలి. మన ఇంజనీరింగు కళాశాలల్లో సి భాషను మొదటి సంవత్సరంలో బోధించి, ఆబ్జెక్టులు కావాలంటే సి చాలదు, జావాకో పైథాన్‌కో వెళ్ళాలి అని చెప్పి ముగిస్తారు. సి భాషలో క్లాసులు లేవన్న మాట నిజమే. కానీ గిడో వాన్ రోసమ్ 1989 చివర మొదలుపెట్టి 1991లో లోకానికి అందించిన పైథాన్, ఆబ్జెక్టుల మయమైన ఆ పైథాన్, లోపల సి భాషలోనే రాయబడింది. లేని ఆబ్జెక్టులను సి భాషలో ఎలా సృష్టించారంటే, ఒక చిన్న ఒప్పందంతో. మెమరీలో ప్రతి వస్తువూ రెండు గళ్ళతో మొదలు కావాలి. ఒక గడిలో నన్ను ఎందరు పట్టుకుని ఉన్నారు అన్న లెక్క, రెండో గడిలో నేను ఏ జాతి వస్తువును అని చెప్పే చిరునామా. ఆ చిరునామాకు వెళితే అక్కడ ఆ జాతికి చెందిన పనుల పట్టిక ఉంటుంది: కూడడం ఎలా, పోల్చడం ఎలా, అచ్చు వేయడం ఎలా అని. ఇంతే ఆ మహా యంత్రాంగం. ఈ రెండు గళ్ళకే 16 బైట్లు పోతాయి. అందుకే సి భాషలో సాధారణంగా 4 బైట్లలో ఇమిడే ఒకటి అనే అంకె పైథాన్‌లో 28 బైట్లను ఆక్రమిస్తుంది.

చిరునామా వెంట వెళ్ళడమంటే ఏమిటో మా నర్సీపట్నం వారికి వేరే చెప్పనక్కరలేదు. హౌరా-చెన్నై రైలు మార్గంలో 'నర్సీపట్నం రోడ్' అని స్టేషను ఒకటి ఉంది. ఆ పేరు నమ్మి దిగిన కొత్తవారికి ఊరు కనబడదు. ఊరు అక్కడికి ఇరవై కిలోమీటర్లకు పైగా దూరం. బస్సో ఆటోనో చూసుకోవాలి. స్టేషను ఊరు కాదు, ఊరికి దారి. సి భాషలో పాయింటర్ అంటే సరిగ్గా ఆ స్టేషనే. పైథాన్‌లో రెండు అంకెలను కూడమంటే యంత్రం మొదట వస్తువు దగ్గర దిగి, అక్కడినుంచి జాతి పట్టికకు వెళ్ళి, అక్కడ కూడిక అన్న వరుసలో ఉన్న మరో చిరునామా అందుకుని, అది పట్టుకుని అసలు పని జరిగే చోటికి చేరుతుంది. కూడిక చేయడానికి పట్టే కాలం రవ్వంత. ప్రయాణానికి పట్టేదే అంతా. పైగా వెళ్ళవలసిన చోటు ప్రాసెసరు పక్కన ఉండే చిన్న కేషులో కాక దూరపు మెమరీలో ఉంటే ఆలస్యం పదుల రెట్లు పెరుగుతుంది.

సి భాషలో కట్టిన ఆబ్జెక్టు వ్యవస్థను వేగవంతం చేయడమంటే ఈ ప్రయాణాలను తగ్గించడమే. కొందరు కుర్రవాళ్ళు అనుకునేట్టు అదంతా తీసి పారేసి కొత్త భాషలో తిరగరాయడం కాదు. 2022 అక్టోబరులో వచ్చిన పైథాన్ 3.11 దీనికి చక్కని ఉదాహరణ. మార్క్ షానన్ ప్రతిపాదించిన పద్ధతి (పెప్ 659) ఆ కూర్పులో అమలైంది. దాన్ని బస్సు కండక్టరుతో పోల్చవచ్చు. రోజూ ఎక్కే మాస్టారుని కండక్టరు ఎక్కడికని అడగడు. ముఖం చూసి టికెట్టు కొట్టి ఇచ్చేస్తాడు. ఏదో ఒకనాడు మాస్టారు "ఇవాళ చింతపల్లికయ్యా" అంటే అప్పుడు మళ్ళీ మామూలు పద్ధతి. అలాగే ప్రోగ్రాములో ఒక కూడిక దగ్గర పదే పదే పూర్ణాంకాలే వస్తున్నాయని యంత్రం గమనిస్తే, ఆ చోట జాతి పట్టికకు వెళ్ళడం మానేసి, "పూర్ణాంకాలేనా?" అని ఒక్క చూపు చూసి నేరుగా కూడేస్తుంది. ఊహ తప్పితే పాత దారి ఉండనే ఉంది. ఈ ఉపాయం కొత్తదేమీ కాదు. స్మాల్‌టాక్ భాష కోసం డాయిచ్, షిఫ్‌మన్ అనే ఇద్దరు 1984లోనే దీని మూలరూపాన్ని ప్రకటించారు. ముప్ఫై ఎనిమిదేళ్ళ తరువాత పైథాన్‌కు చేరి, పరీక్షల సగటున 25 శాతం వేగాన్ని పెంచింది. పాత విద్య పనికిరాదనే వారు ఇది గమనించాలి.

ఇంతవరకూ తెలుగుకూ ఇంగ్లీషుకూ తేడా లేదు. పూర్ణాంకానికి భాష లేదు కదా. నిజానికి 3.11లోనే నిఘంటువు లాంటి పట్టికలను (పైథాన్‌లో వాటి పేరూ 'డిక్షనరీ'యే) కూడా సన్నగిల్లజేశారు. తాళపుచెవులన్నీ మాటలే అయినప్పుడు, ఏడు పదాల పట్టిక ఒకటి 352 బైట్ల నుంచి 272కు తగ్గింది. ఆ మాటలు తెలుగువైనా సరే అదే తగ్గింపు. ఉత్తరాంధ్ర పల్లె మాటల పట్టిక ఒకటి కూర్చుకుంటున్న నా వంటి వారికి, బుగత, గుంట, ఏటి వంటి పదాలు ఏ రచనల్లో ఎన్నిసార్లు వచ్చాయో 4 గిగాబైట్ల పాత యంత్రం మీద లెక్కించుకునేవారికి, ఇటువంటి తగ్గింపు నేరుగా అందే లాభం. చేసినవారెవరో మా పల్లె మాటలను ఎరుగరు. అయినా మేలు చేశారు.

తేడా అక్షరాల దగ్గర మొదలవుతుంది.

2012 సెప్టెంబరులో వచ్చిన 3.3 కూర్పు నుంచి పైథాన్ ఒక మాటలోని అక్షరాలను చూసి గది వెడల్పు నిర్ణయిస్తుంది. మార్టిన్ ఫాన్ లోవిస్ ప్రతిపాదన (పెప్ 393) అది. అన్నీ ఇంగ్లీషు, పశ్చిమ ఐరోపా అక్షరాలైతే ఒక్కోదానికి ఒక బైటు. తెలుగు వంటివి ఉంటే రెండు. ఎమోజీ వంటిది ఒక్కటున్నా నాలుగు. అంతకుముందు కొన్ని యంత్రాల మీద ప్రతి అక్షరానికీ నాలుగు బైట్లు పోయేవి కనుక, ఇది మనకు కూడా సగానికి సగం ఆదాయే. ఇందులో ఒక చమత్కారం ఉంది. పది లక్షల అక్షరాల ఇంగ్లీషు నవల చివర ఒక్క 'అ' చేర్చండి. నవల మొత్తం బరువు రెట్టింపవుతుంది. తెలుగు నవల చివర ఒక నవ్వుముఖం చేర్చండి, అదీ రెట్టింపే. చేటంత బియ్యంలో ఒక్క గింజ పెద్దదైతే గింజలన్నిటికీ పెద్ద గూళ్ళు కట్టినట్టు.

అయితే మొదట చెప్పిన 23 బైట్ల తేడాలో గది వెడల్పు వాటా చాలా తక్కువ. అక్షరాలకు 6, చివరి సున్నాకు 1, వెరసి 7. మిగిలిన 16 ఎక్కడివి? ఇది తెలిసినప్పుడు నాకు నవ్వు వచ్చింది, ఆ వెంటనే ఆలోచనా కలిగింది. లోకమంతా పాఠ్యాన్ని పంపుకునేది యూటీఎఫ్-8 అనే మరో రూపంలో. కెన్ థాంప్సన్, రాబ్ పైక్ 1992లో రూపొందించినది. అందులో ఇంగ్లీషు అక్షరం ఒక్క బైటే, తెలుగు సంకేతం మూడు బైట్లు. ఇంగ్లీషు మాటకు లోపలి రూపమూ బయటి రూపమూ ఒక్కటే. తెలుగు మాటకు అవి రెండూ వేరు. కనుక ప్రతి తెలుగు మాటా తన యూటీఎఫ్-8 అనువాదం ఎక్కడుందో, దాని నిడివి ఎంతో రాసుకోవడానికి రెండు గళ్ళను, అంటే 16 బైట్లను, పుట్టుకతోనే ఖాళీగా ఉంచుకుంటుంది. ఆ అనువాదం ఎవరైనా అడిగితే అది కూడా మాటతోబాటే మెమరీలో ఉండిపోతుంది. అప్పుడు ఒక్కో సంకేతానికి రెండూ మూడూ కలిపి ఐదు బైట్లు. ఎవరూ అడగకపోయినా ఖాళీ గళ్ళ అద్దె మాత్రం తప్పదు. పరభాషలో తన మాట చెప్పుకోవడానికి ఎప్పుడూ సిద్ధంగా ఉండవలసిన అవస్థ తెలుగువాడికి మెమరీలో కూడా తప్పలేదన్నమాట.

ఈ గళ్ళు ఒకప్పుడు ఇంకా ఎక్కువ. 3.11 దాకా 'తెలుగు' 86 బైట్లు తూగేది, ఇంగ్లీషు లిపిలో 55. పాతకాలపు మరో రూపం కోసం ఉంచిన గళ్ళవి. ఎవరికీ పెద్దగా పనికిరానివి. వాటిని తొలగించాలని ప్రతిపాదించి (పెప్ 623), వాడుకదారులకు ముందే హెచ్చరికలు చేసి, 3.12లో తీసివేసే దాకా ఓపికగా నడిపించినవాడు ఇనాదా నావోకి అనే జపాను దేశస్థుడు. ఆ మార్పుతో ఇంగ్లీషు మాటకు 8 బైట్లు మిగిలితే తెలుగు మాటకు 16 మిగిలాయి. పది లక్షల మాటల పట్టికలో కోటీ అరవై లక్షల బైట్లు. ఆ పని చేసినవాడు ఇంగ్లీషు కాని లిపిలో చదివి రాసే మనిషి కావడం కాకతాళీయమే కావచ్చు. నాకు మాత్రం అలా తోచదు. చెప్పు ఎక్కడ కరుస్తుందో తొడిగినవాడికే తెలుస్తుంది.

దీనికి ఎదురు ఉదాహరణ కూడా చెప్పాలి. ఒక మాటలోంచి ఒక్కో అక్షరాన్నీ తీసి చూడమంటే, పైథాన్ ఇంగ్లీషు అక్షరాలను కొత్తగా తయారు చేయదు. 256 అక్షరాలను ముందే చేసి అలమరలో పెట్టుకుంది. అడిగినప్పుడల్లా ఆ పాతదాన్నే అందిస్తుంది. తెలుగు అక్షరానికి ఆ అలమరలో చోటు లేదు. 'అ' అని అడిగిన ప్రతిసారీ మెమరీ వెదికి, కొత్త వస్తువు చేసి, పని కాగానే పారవేయాలి. 2024 అక్టోబరులో 3.13 వచ్చినప్పుడు, ఇందాకటి కండక్టరు పద్ధతిని ఈ పనికి కూడా వర్తింపజేశారు. మాటలో ఫలానా స్థానంలోని అక్షరం ఏది అని అడిగే చోట దగ్గరి దారి ఒకటి వేశారు. అయితే ఆ దారి మీద ఒక గేటు ఉంది: వచ్చిన అక్షరం మొదటి 128లోనిదై ఉండాలి. ఆ కూర్పులో ఒక తెలుగు వాక్యాన్ని అక్షరమక్షరంగా నడిపిస్తే, మాటల మధ్య ఖాళీలూ, చివరి చుక్కా దగ్గరి దారిన పోతాయి. అక్షరాలు మాత్రం చుట్టు తిరిగి వస్తాయి.

ఇది ఎవరో కక్షతో చేశారని నేననను. అలా అనేవారితో నాకు పేచీ ఉంది. ఆ దారి వేసినవారు తమ ఎదుట ఉన్న కొలతలను చూసి వేశారు. పైథాన్ వేగాన్ని కొలిచే పరీక్షల సంపుటం ఒకటి ఉంది, పైపెర్ఫార్మెన్స్ అని. అందులో గ్రహగతులను లెక్కించే పరీక్ష ఉంది, వెబ్ పుటలను అల్లే పరీక్షలు ఉన్నాయి, డి.ఎన్.ఏ.లోని నాలుగు అక్షరాల వరుసలను వెదికే పరీక్ష ఉంది. యాభై ఆరు అక్షరాల మన వర్ణమాల పేరుతో ఒక్కటీ లేదు. 25 శాతం వేగం పెరిగింది అన్నప్పుడు ఆ 25 ఈ తక్కెడలో తూచినది. తక్కెడలో లేనిదానికి తూకం ఉండదు. తూకం లేనిదానికి దారి వేయాలని ఎవరికీ తోచదు.

తక్కెడ ఎవరి చేతిలో ఉంది అన్న ప్రశ్న మా వైపు చాలా పాతది. నర్సీపట్నం మన్యానికి ముఖద్వారం. కొండమీద చింతపండు, అడ్డాకులు, పసుపు కావిళ్ళలో దిగివచ్చేవి. తూచేది కింది షావుకారు. దళారుల దోపిడీ నుంచి గిరిజనులను కాపాడాలనే 1956లో గిరిజన సహకార సంస్థ ఏర్పడింది. ఆ సంస్థ పనితీరు మీద ఎవరి అభిప్రాయాలు వారికి ఉండవచ్చు గానీ, దాని వెనుక ఉన్న ఆలోచన సరైనదే: షావుకారును తిట్టడం కన్నా మరో తక్కెడ తేవడం మేలు.

మనం చేస్తున్నది తిట్టడం. ఏటా తెలుగు భాషా దినోత్సవం నాడు అంతర్జాలంలో తెలుగు వెనుకబడిందని వేదికల మీద విలపిస్తాం. ఆ విలాపంలో ఒక్క అంకె ఉండదు. ఎంత వెనుకబడింది, ఏ పనిలో, ఏ కూర్పులో, ఏ యంత్రం మీద అని అడిగేవారుండరు. యూనికోడు తెలుగులో రాయడం మొదలుపెట్టిన తరం అక్షరం తెర మీద సరిగ్గా కనబడితే చాలునని పండగ చేసుకుంది. అది ఆనాటికి న్యాయమైన పండగే. ఒత్తులు విడిపోయి, గుణింతాలు పక్కకు జరిగిన రోజులు చూసినవారికి దాని విలువ తెలుసు. కానీ లక్ష వ్యాసాలు దాటిన తెలుగు వికీపీడియా చేతిలో ఉన్నాక, కనబడటంతో సరిపెట్టుకోవడం కుదరదు. ఆ పాఠ్యాన్ని వెదకాలి, వరుసలో పెట్టాలి, లెక్కించాలి. అక్కడ పెద్ద కంపెనీల సర్వర్లకు ఈ బైట్లు ఒక లెక్క కాదు. పాత యంత్రం ముందు కూర్చున్న పల్లెటూరి బడిపంతులుకీ, డిగ్రీ విద్యార్థికీ లెక్కే.

మెమరీ చవక, పెద్ద యంత్రం కొనుక్కోరాదా అనే మిత్రులున్నారు. కొనగలిగినవాడు ఆ మాట అనడం సులువు. వేగం కావాలంటే పైథాన్ మాని నేరుగా సి భాషలో రాసుకో అనేవారూ ఉన్నారు. వారి మాటలో కొంత సబబు ఉంది, అయితే ఆ సలహా ఒక్క మనిషి కష్టాన్నే తీరుస్తుంది. ఆబ్జెక్టు వ్యవస్థలో ఒక్క గడి తగ్గితే దాని మీద రాసిన ప్రతి ప్రోగ్రామూ, దాని లోపలి సంగతి ఎరుగని వారి ప్రోగ్రాము కూడా, ఏమీ మార్చకుండానే తేలికవుతుంది. చెరువు పూడిక తీస్తే ప్రతి మడికీ నీరందినట్టు. అందుకే నా దృష్టిలో ఇది తెలుగు సాంకేతికులు చేయదగిన పనుల్లో అగ్రగణ్యమైనది. పొగడ్తలు దక్కే పని మాత్రం కాదు.

దీన్ని ఇతరులే చేస్తారులే అనుకునే రోజులు కూడా పోయాయి. పైథాన్‌ను వేగవంతం చేసేందుకు జీతమిచ్చి జట్టును పోషించిన మైక్రోసాఫ్ట్, 2025 మేలో ఆ జట్టులో కొందరిని ఉద్యోగాల నుంచి తొలగించింది. మిగిలిన పనిలో స్వచ్ఛందంగా చేసేవారి వాటా ఇంకా పెరుగుతుంది. మూలగ్రంథం బహిరంగంగానే ఉంది. సి భాషలో స్ట్రక్టు, పాయింటర్, ఫంక్షన్ పాయింటర్ అనే మూడు సంగతులు తెలిసినవాడు దాన్ని చదవగలడు. ఆ మూడూ మన విద్యార్థులకు మొదటి ఏడాదిలోనే బోధిస్తున్నారు. పరీక్షలో ప్రశ్నలుగా, పరీక్ష కాగానే మరచిపోయేవిగా. సంఖ్యల పట్టికను తిరగేసే అభ్యాసాలు పది చేయించే బదులు, ఒక చిన్న ఆబ్జెక్టు వ్యవస్థను వారి చేత కట్టించి, దాన్ని గడియారం పెట్టి కొలిపించి, ఎక్కడ ఆలస్యమవుతోందో వెదికిస్తే, ఆ పిల్లలు పైథాన్ లోపలికి భయం లేకుండా నడుస్తారు.

మొదటి పని దారి వేయడం కూడా కాదు, తూచడం. పైపెర్ఫార్మెన్స్‌లో చేర్చదగిన తెలుగు పరీక్ష ఒకటి రాయాలి. దానికి పాఠ్యం కావాలి. రచనాహక్కుల చిక్కు లేనిదై ఉండాలి, గుణింతాలూ సంయుక్తాక్షరాలూ దండిగా ఉండాలి. 'పైథాన్‌లో' అని రాసినప్పుడు నకారపొల్లుకూ లోకూ నడుమ కంటికి కనబడకుండా నిలిచే సంకేతం, తనకూ రెండు బైట్లు పుచ్చుకునే ఆ అదృశ్య మూర్తి, అక్కడక్కడా తగలాలి. నా ఎంపిక 1852 నాటి సి.పి. బ్రౌన్ నిఘంటువు. దాని ఆరోపం తెలుగు, అర్థం ఇంగ్లీషు. ఒక్కో ఆరోపాన్ని ఒక్కో స్ట్రింగుగా పైథాన్‌కు ఎక్కిస్తే, ఒక్క తెలుగు మాట పక్కన ఉన్న పాపానికి బ్రౌన్ దొర ఇంగ్లీషు అంతా అక్షరానికి రెండు బైట్ల చొప్పున తూగుతుంది.